పెరాక్సైడ్ క్యాన్ ఉబ్బింది, లేబుల్ చెరిగిపోయింది: అద్దకం షెడ్డులో ఏం చేయాలి?

పట్టుపోగు, ధర్మవరం

అందరికీ నమస్కారం. మా బావ వాళ్లది చిన్న అద్దకం షెడ్డు. ముడి పట్టును సబ్బు, సోడా నీళ్లలో ఉడకేసి బంక తీశాక, తెలుపు కావాలన్నా లేత రంగులు వేయాలన్నా హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. 50 శాతం సరుకు, నీలం క్యాన్లలో వస్తుంది. ఎండలు చూస్తున్నారు కదా, మధ్యాహ్నం రేకుల కింద మనుషులే నిలబడలేకపోతున్నారు. నిన్న చూస్తే ఒక క్యాన్ పక్కలు బయటికి ఉబ్బి, అడుగు కూడా గుండ్రంగా అయిపోయి నేల మీద ఊగుతోంది. దాని మీద లేబుల్ లేదు. అంటించిన చోట అక్షరాలన్నీ పోయి తెల్ల కాగితం మాత్రం మిగిలింది. పక్కనే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాల్లో ఇదే పోసి పెట్టారు, వాటి మీద పేరూ లేదు, గుర్తూ లేదు.

ఉబ్బిన క్యాన్‌ను ఏం చేయాలి? మిగతావాటి మీద ఏమని రాసి అంటించాలి? షెడ్డులో చదువుకున్నవాళ్లు తక్కువ. ఇంగ్లీషు లేబుల్ ఉన్నా లేకపోయినా వాళ్లకు ఒకటే.

ఉడకేసే పెద్దన్న, ధర్మవరం

ఏమప్పా, దీనికింత టెన్షన్ ఎందుకు? క్యాన్ ఉబ్బితే మూత కొంచెం వదులు చెయ్యి, బుస్సుమని గాలి పోతుంది, అంతే. చేతికి తగిలితే తెల్ల మచ్చ వస్తుంది, కాసేపు చురచురమంటుంది, సాయంత్రానికి పోతుంది. చిన్నప్పటి నుంచి చేస్తున్న పని ఇది. లేబుల్ చదివి ఎవరూ పట్టు ఉడకేయరు.

కర్నూలు సేఫ్టీ

పెద్దన్నా, ఏమీ అనుకోవద్దు గానీ ఆ మూత సలహా ఎవరూ పాటించొద్దు. పట్టుపోగు గారూ, ముందు ఇది చదవండి, మిగతా చర్చ తర్వాత.

ఉబ్బిన క్యాన్ మీదికి వంగి మూత తిప్పితే గాలి ఒక్కటే రాదు, దాంతోపాటు ద్రవం కూడా ఎగజిమ్ముతుంది. 50 శాతం సరుకు కంట్లో పడితే చూపు పోవచ్చు. షెడ్డులోని జనాన్ని బయటికి పంపండి. దూరం నుంచే చూడండి: మూత దగ్గర ఆవిరి వస్తోందా? లోపల కుతకుత చప్పుడు వినిపిస్తోందా? రెండింటిలో ఏది ఉన్నా దగ్గరికి పోవద్దు, 101కి ఫోన్ చేయండి. అలాంటిదేమీ లేకపోతే దూరం నుంచి పైపుతో దాని మీద నీళ్లు పడనివ్వండి, చల్లబడాలి. సరుకు ఇచ్చిన డీలర్‌కు వెంటనే చెప్పండి, మనిషిని పంపించాల్సిన బాధ్యత వాళ్లది.

ఒక్క మాట. పక్కన హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్, అద్దకంలో వాడే పొడి) డ్రమ్ము ఉందా? ఉంటే నీళ్లు పట్టక ముందే దాని సంగతి చూడండి. హైడ్రోస్‌కు కొద్దిగా తడి తగిలినా తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. పెరాక్సైడ్‌కు నీళ్లే మందు, హైడ్రోస్‌కు ఆ నీళ్లే ముప్పు. ఈ రెండూ ఒకే గోడ పక్కన ఉండకూడదు.

ఇంకో ప్రశ్న. ఆ క్యాన్ మూత మధ్యలో చిన్న రంధ్రం, లోపల తెల్లటి పొర ఉన్నాయా?

పట్టుపోగు, ధర్మవరం

సార్, ఆవిరీ లేదు, చప్పుడూ లేదు. అందరినీ పంపించేశాం. హైడ్రోస్ డ్రమ్ము చేయి చాపితే అందేంత దూరంలోనే ఉంది, బావ దాన్ని అవతలి గదిలోకి దొర్లించాక నీళ్లు పెట్టాం. డీలర్ మనిషి సాయంత్రం కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకుని వచ్చాడు. బాగా చల్లబడే దాకా ఆగి, మొహం పక్కకు పెట్టి, మూతను వెంట్రుకవాసి తిప్పుతూ పోయాడు. చాలాసేపు సన్నగా ఈల వేసినట్టు గాలి పోతూనే ఉంది. తర్వాత ఆ సరుకును వాడకుండా తొట్టిలో నీళ్లలో బాగా పలచన చేసి వదిలేశాం.

మూత సంగతి అడిగారు కదా. అసలు మూత వేరే ఉందట. ఆటోలో క్యాన్‌ను పడుకోబెట్టి తెచ్చారు, దారిలో మూత నుంచి చుక్కలు కారాయి. ఈ మూత చెడిపోయిందనుకుని మా వాడు నూనె క్యాన్ మూత గట్టిగా బిగించాడు.

కర్నూలు సేఫ్టీ

దొరికింది. ఆ చుక్కలు కారిన మూతే సరైనది. పెరాక్సైడ్ నిలవ ఉన్నంతసేపూ కొద్దికొద్దిగా నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతూనే ఉంటుంది. ఆ గాలి పోవడానికే మూతలో రంధ్రం పెడతారు. అందుకే క్యాన్‌ను ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, ఆటోలో అయినా సరే. అట్టపెట్టెల మీద పైకి చూపించే రెండు బాణాల గుర్తు ఉంటుంది కదా, ఈ క్యాన్ల మీద కూడా అదే ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు.

రసాయన మాస్టారు, అనంతపురం

మూత ఎందుకంత ముఖ్యమో అంకెల్లో చెప్తాను. 50 శాతం పెరాక్సైడ్ నీళ్లకంటే బరువు, లీటరు దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. ఆ ఒక్క లీటరు పూర్తిగా విడిపోతే సుమారు 200 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది. అంత గాలి ఏ క్యాన్‌లో పడుతుంది? పైగా విడిపోయేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా తొందరగా విడిపోతుంది. పది డిగ్రీల ఉష్ణోగ్రత పెరిగితే విడిపోయే వేగం రెట్టింపు కంటే కాస్త ఎక్కువే అవుతుంది. మన జిల్లాలో ఏప్రిల్, మే ఎండలకు రేకుల షెడ్డులో పెట్టడమంటే చేజేతులా తొందరపెట్టడమే.

కంపెనీ దాన్ని స్టెబిలైజర్ కలిపి పంపుతుంది కాబట్టి మామూలుగా నింపాదిగానే ఉంటుంది. ఇనుము, రాగి, మాంగనీసు, దుమ్ము, సోడా, వీటిలో ఏది లోపల పడినా కథ మారిపోతుంది. సోడా కొలిచిన మగ్గుతోనే పెరాక్సైడ్ తీసేవాళ్లను చూశాను. వాడగా మిగిలింది మళ్లీ క్యాన్‌లో పోసేవాళ్లనూ చూశాను. ఈ రెండో అలవాటు మరీ చెడ్డది. మగ్గులో పోసింది మగ్గులోనే అయిపోవాలి, మిగిలితే నీళ్లు పోసి పారబోయాలి.

మన బోరు నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ఆ నీళ్లతో పలచన చేసి వెంటనే తొట్టిలో వాడుకుంటే సరే. అదే సీసాలో పోసి మూత బిగించి పెడితే, బోరు నీళ్లలోని ఇనుము తన పని తాను చేసుకుపోతుంది. కూల్‌డ్రింక్ సీసా గట్టిదే, కానీ దానికి గాలి పోయే దారి లేదు.

ఉడకేసే పెద్దన్న, ధర్మవరం

మాస్టారు రాగి అన్నారు కాబట్టి చెప్తున్నా. వెనకట రాగి గంగాళాల్లోనే రంగులు అద్దేవాళ్లు. పెరాక్సైడ్ వచ్చాక దాంట్లో పోస్తే నురగ పొంగి పోయేది, పట్టు తెల్లబడేది కాదు, దారం కూడా తెగేది. సరుకు కల్తీ అని డీలర్‌ను తిట్టేవాళ్లం. తర్వాత స్టీలు తొట్లు వచ్చినాయి. అది రాగి వల్లనా?

రసాయన మాస్టారు, అనంతపురం

రాగి వల్లే అన్నా. మీ డీలర్ తప్పేమీ లేదు. రాగి తగిలిన చోట పెరాక్సైడ్ ఒక్కసారిగా విడిపోతుంది, ఆ చోటల్లా దారం దెబ్బతింటుంది. తొట్టిలో పలచన ద్రవం కాబట్టి నురగతో పోయింది. అదే చిక్కటిది క్యాన్‌లో ఉండగా రాగి తీగ ముక్కో, తుప్పు పొట్టో పడితే నురగతో ఆగదు.

2000 ఆగస్టు 12న మునిగిన రష్యా జలాంతర్గామి కుర్స్క్ గురించి వినే ఉంటారు. టార్పెడోలోని గాఢ పెరాక్సైడ్ లీకై పేలడం వల్లే అది మొదలైందని దర్యాప్తు తేల్చింది. 118 మంది పోయారు. వాళ్లది మన సరుకు కంటే చాలా చిక్కనిది, నిజమే, కానీ రసాయనం ఇదే.

ఉడకేసే పెద్దన్న, ధర్మవరం

జలాంతర్గామిని ధర్మవరం దాకా తెచ్చినావు సార్!

మందుల షాపు, కడప

నాకు అర్థం కానిది ఒకటి. హైడ్రోజన్ పెరాక్సైడ్ మా షాపులో రోజూ అమ్ముతాం. పుండ్లు కడగడానికి, చెవిలో గులిమి తీయడానికి వాడతారు. పిల్లలున్న ఇళ్లలో కూడా ఉంటుంది. మీరేమో బాంబులా మాట్లాడుతున్నారు. ఇదీ అదీ ఒకటేనా?

కర్నూలు సేఫ్టీ

పేరు ఒకటే, బలం వేరు. ఈ చర్చ మొత్తంలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే, మీరే అడిగారు. మీ సీసా మీద 6 శాతం, 20 వాల్యూమ్స్ అని ఉంటుంది. అంటే ఒక వంతు ద్రవం నుంచి 20 వంతుల ఆక్సిజన్ వస్తుందని. దాన్ని కూడా నీళ్లు కలిపే వాడమంటారు. షెడ్డు సరుకు 200 వాల్యూమ్స్ లెక్కకు వస్తుంది. అందుకే క్యాన్ మీద ఉత్త పెరాక్సైడ్ అని రాస్తే చాలదు. శాతం లేని లేబుల్‌ను నేను లేబుల్ అనను.

రవాణా వర్గీకరణ కూడా శాతాన్ని బట్టే మారుతుంది. 8 శాతం లోపు ఉంటే ప్రమాదకర సరుకుల లెక్కలోకే రాదు, మీ సీసా అందులోదే. 8 నుంచి 20 లోపు యూఎన్ 2984 (ప్రమాదకర సరుకులకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబరు), తరగతి 5.1, అంటే ఆక్సీకరణ కారకం, పక్కనున్న దాన్ని మండించేది. 20 నుంచి 60 దాకా యూఎన్ 2014, ఇక్కడ 5.1తో పాటు తినివేసే గుణానికి తరగతి 8 కూడా కలుస్తుంది. మన షెడ్డు క్యాన్ ఇదే. 60 దాటితే యూఎన్ 2015, అది మన ఊళ్లలో కనిపించే సరుకు కాదు.

మాధవరం నేత, కడప

మా దగ్గర రెండు కంపెనీల క్యాన్లున్నాయి. ఒకటి 50, ఒకటి 35. యాభై దాని మీద ఎర్ర అంచు డైమండ్లు మూడు: వలయం మీద మంట, చేతి మీద చుక్కలు పడుతున్న బొమ్మ, ఆశ్చర్యార్థకం. 35 దాని మీద మంట బొమ్మ లేదు, మిగతా రెండే ఉన్నాయి. కానీ అదే 35 క్యాన్‌కు ఇంకో పక్క పసుపు డైమండ్ మీద మంట ఉంది, కింద 5.1 అని. ఒకే క్యాన్‌కు ఒక పక్క మంట ఉంది, ఇంకో పక్క లేదు. ఏది నమ్మాలి?

కర్నూలు సేఫ్టీ

బాగా చూశారు. రెండూ నిజమే, రెండు వేర్వేరు పద్ధతులవి. రంగు నిండిన పెద్ద డైమండ్ లారీలో పోయేటప్పటికి. లారీ బోల్తా పడితే ఫైర్ వాళ్లు దూరం నుంచి చూసి గుర్తుపట్టాలి కాబట్టి పెద్దదిగా, రంగుతో ఉంటుంది. ఎర్ర అంచున్న తెల్ల డైమండ్ రసాయనాల లేబుళ్ల అంతర్జాతీయ పద్ధతి జీహెచ్‌ఎస్‌ది, సరుకును చేత్తో వాడేవాళ్ల కోసం. రెండు పద్ధతుల్లో గీతలు వేర్వేరు చోట్ల గీశారు. రవాణాలో 8 శాతం నుంచే ఆక్సీకరణ కారకం. జీహెచ్‌ఎస్‌లో చాలా కంపెనీలు పాటించే యూరప్ పట్టిక ప్రకారం 50 నుంచి మొదలు. చర్మం కాలడం కూడా అంతే: 50 నుంచి కాలుతుందని, 35 నుంచి 50 లోపు అయితే చర్మానికి మంట అని రాస్తారు. కళ్లకు మాత్రం 8 శాతం నుంచే తీవ్ర హాని. అందుకే 35 క్యాన్ మీద కూడా డేంజర్ అనే ఉంటుంది, వార్నింగ్ అని కాదు. డేంజర్ పెద్ద మాట, వార్నింగ్ దానికంటే చిన్నది.

మరి 49 శాతం సరుకు మంచిదా అంటారేమో. కాదు, ఎక్కడో ఒకచోట గీత గీయాలి, గీశారు. వాడకంలో 35నూ 50 లాగే చూసుకోండి.

ఇంకొకటి, చాలా మంది పడే పొరపాటు. మంట కింద వలయం ఉంటే ఈ ద్రవం మండదని అర్థం. పక్కనున్న దాన్ని మండిస్తుంది. వలయం లేని మంట ఉంటే ఆ సరుకే అంటుకుంటుంది, థిన్నర్, పెట్రోల్ లాగా. ఈ రెండు క్యాన్లను పక్కపక్కన పెట్టే గోడౌన్లు మన జిల్లాల్లో ఎన్నో చూశాను.

పాత ఫైర్‌మన్, నంద్యాల

రిటైరయ్యాను, అయినా ఈ మాట చెప్పాలి. పెరాక్సైడ్ ఉన్నచోట మంట లేస్తే పౌడర్ సిలిండర్‌తో లాభం లేదు. గాలి అందకుండా చేసినా మంట ఆరదు, ఇక్కడ క్యానే ఆక్సిజన్ ఇస్తూ ఉంటుంది. నీళ్లే వాడాలి, ఎక్కువగా వాడాలి.

కింద ఒలికినప్పుడు మన జనం చేసే మొదటి పని ఏంది? గోనెపట్ట వేసి తుడవడం, లేదా రంపపు పొట్టు చల్లడం. రెండూ చేయకూడదు. ఒలికింది గుడ్డలో ఇంకితే ముందు నీళ్లు ఆరిపోతాయి, పెరాక్సైడ్ మిగిలి చిక్కబడుతుంది. ఆ గోనెపట్టను మూలకు పడేసి ఇంటికి పోతే, ఎవరూ లేనప్పుడు అదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. తోలు చెప్పులు, తోలు గ్లౌజులు, నూలు గ్లౌజులు వద్దు. రబ్బరు లేదా నైట్రైల్ గ్లౌజులు, రబ్బరు బూట్లు, కళ్లకు గాగుల్స్ ఉండాలి. బట్టల మీద పడితే సిగ్గుపడకుండా విప్పి నీళ్లలో ముంచాలి.

చెక్క పలకల మీద క్యాన్లు పేర్చే అలవాటు కూడా మానండి. ప్లాస్టిక్ పలకలు దొరుకుతాయి.

లారీ బాట, గుత్తి

మాకు ఈ సరుకు ఎత్తేటప్పుడు ప్రమాదకర సరుకుల శిక్షణ పొందిన డ్రైవర్ ఉండాలి, లైసెన్సులో ఆ ఎంట్రీ ఉండాలి. ట్యాంకర్ మీద బోర్డు రాయించాలి: రసాయనం పేరు, యూఎన్ నంబరు, తరగతి గుర్తు, ఎమర్జెన్సీ ఫోన్ నంబరు. 1989 మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. యూఎన్ 2014 బోర్డు మీద 2పి అని కోడ్ చూశాను. శిక్షణలో చెప్పారు, 2 అంటే సన్నగా చిమ్మే నీళ్లు వాడాలని, పి అంటే ఒళ్లంతా కప్పే సూట్ వేసుకోవాలి, తీవ్రంగా చర్య జరగొచ్చు, నీళ్లతో పలచన చేయొచ్చు అని.

ఇంత రూలు మాకు. లారీ దిగాక అదే క్యాన్ ఆటోలో, బండి మీద, ఒక్కోసారి బస్సు డిక్కీలో పోతుంది. అక్కడ అడిగేవాడు లేడు.

కెమికల్ డీలర్, అనంతపురం

డీలర్ల మీదికి వస్తుందని తెలుసు, అందుకే నేనే వస్తున్నా. మాకు పెద్ద డ్రమ్ముల్లో వస్తుంది. షెడ్డు వాళ్లు ఐదు, పది కిలోలు అడుగుతారు. పాత క్యాన్లు వాళ్లే తెస్తారు. నింపి పంపుతాం. లేబుల్ అంటించడానికి మేము తయారీదారులం కాదు కదా. కంపెనీ లేబుల్ డ్రమ్ము మీద ఉంటుంది, అది మా గోడౌన్‌లోనే ఆగిపోతుంది. ఇందులో మా తప్పేముంది?

కర్నూలు సేఫ్టీ

ఉంది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనల్లో 17వ నిబంధన తీయండి. ప్రమాదకర రసాయనం ఉన్న ప్రతి పాత్ర మీద లోపల ఏముందో, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, దాని భౌతిక, రసాయన, విష గుణాల వివరాలు ఉండాలి. ప్రతి పాత్ర అని ఉంది, ఒక్క పెద్ద డ్రమ్మే అని లేదు. పాత్ర చిన్నదై అంటించలేకపోతే ట్యాగ్ కట్టాలి, లేదా కాగితాలు వెంట పంపాలి. సేఫ్టీ డేటా షీట్ (సరుకు గుణాలు, ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితం) సంగతి కూడా అదే నిబంధనలో ఉంది. మీ కంపెనీ మీకు ఇస్తుంది. దాన్ని జిరాక్స్ తీసి ప్రతి బిల్లుకు పిన్ను కొట్టి ఇవ్వండి.

పాత క్యాన్లలో నింపడం మాత్రం పూర్తిగా ఆపండి. దాంట్లో ఇదివరకు ఏం పోశారో మీకు తెలియదు. యాసిడ్, హైపో, నూనె, ఏదైనా కావచ్చు.

కెమికల్ డీలర్, అనంతపురం

పాత క్యాన్ల మాట ఒప్పుకుంటా. కొత్త క్యాన్ అంటే రేటు పెరుగుతుంది, పక్క షాపుకు పోతారు. ఆ బాధ మీకు తెలియదు సార్, నెల జీతం వాళ్లకు.

నూలుకండె, ఎమ్మిగనూరు

మా అమ్మ అద్దకం పనికి పోతుంది, అందుకే రాస్తున్నా. మీరంతా క్యాన్ గురించే మాట్లాడుతున్నారు. అమ్మ వాళ్లు క్యాన్ ముట్టరు. మేస్త్రీ సీసాలో పోసి ఇస్తాడు. సీసా నిండా రంగు లేనిది, వాసన పెద్దగా లేనిది, నీళ్లకు దీనికి తేడా కనిపించదు. యాసిడ్ అయితే ముక్కు చెప్తుంది, అమ్మోనియా అయితే కళ్లు చెప్తాయి. ఇది ఏమీ చెప్పదు. పక్కనే వాళ్లు తాగే నీళ్ల సీసాలు కూడా అవే కంపెనీవి, అదే ఆకారం. మే నెలలో దప్పికతో ఉన్న మనిషి మూత తీసి చూసి తాగుతుందా? ఎత్తి పోసుకుంటుంది.

లేబుల్ చదవడం రాకపోయినా పుర్రె బొమ్మ అందరికీ తెలుసు. పుర్రె వేయండి.

కర్నూలు సేఫ్టీ

అమ్మా, మీరు చెప్పిందే అసలైన ప్రమాదం. తాగే సీసాల్లో పోయడం ఆపితే సగం గండం గడిచినట్టే. పొరపాటున తాగితే వాంతి చేయించొద్దు. కడుపులో గాలి పుట్టి ఉబ్బుతుంది, ఆ గాలి రక్తంలోకి కూడా పోవచ్చు. నోరు కడిగించి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి, సరుకు పేరు, శాతం డాక్టర్‌కు చెప్పాలి.

పుర్రె మాత్రం దీనికి వర్తించదు. పుర్రె తీవ్ర విషాల గుర్తు. దీనికి చేతి మీద చుక్కలు పడే బొమ్మ, వలయం మీద మంట, ఇవే సరైనవి.

నూలుకండె, ఎమ్మిగనూరు

సరైనది ఎవరికి సార్? మీ పుస్తకానికా, మా అమ్మకా?

రసాయన మాస్టారు, అనంతపురం

మంచి ప్రశ్న. నేను మధ్యలో ఉన్నాను. మన రైతులకు పురుగుమందు డబ్బా మీద త్రిభుజం రంగు తెలుసు: ఎరుపు అన్నిటికన్నా ఘాటు, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ గుర్తులు పుట్టుకతో రాలేదు, ఎవరో చూపించి చెప్తే వచ్చాయి. వలయం మీద మంట కూడా అంతే. కానీ చెప్పేదాకా ఏం చేయాలంటే, నూలుకండె అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

స్టిక్కర్ షాపు, అనంతపురం

నా పని నేను చెప్తా. మీ లేబుళ్లు ఎందుకు చెరిగిపోతున్నాయో తెలుసా? మూత నుంచి కారిన చుక్క లేబుల్ మీదుగా దిగుతుంది. అది తెలుపు చేసే మందు కదా, ముందు రంగు పోతుంది, తర్వాత కాగితం మెత్తబడుతుంది. ఒక షెడ్డు వాళ్లు తెచ్చిన క్యాన్ మీద లేబుల్‌లో పైనుంచి కిందికి ఒక పట్టీ మాత్రం తెల్లగా అయ్యింది, సరిగ్గా శాతం రాసిన చోటే.

కాగితం వద్దు. వినైల్ మీద ప్రింట్ తీసి పైన లామినేషన్ వేయాలి. అయినా ఈ ప్లాస్టిక్ క్యాన్లకు జిగురు సరిగ్గా పట్టదు. కడిగి, బాగా ఆరబెట్టి, మూతకు ఎదురు పక్కన అంటించండి. పిడికి నైలాన్ తాడుతో లామినేషన్ చేసిన ట్యాగ్ కూడా కట్టుకోండి, ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది.

పట్టుపోగు, ధర్మవరం

అన్నీ చదివి ట్యాగ్ కోసం ఇలా రాశాను. తప్పులుంటే చెప్పండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్, 50 శాతం, యూఎన్ 2014
డేంజర్
నీళ్లు కాదు. తాగొద్దు.
కంట్లో పడితే చూపు పోతుంది. ఒంటి మీద పడితే కాలుతుంది.
గోనె, గుడ్డ, కట్టె, తోలు దీనికి తగలకూడదు. మంట లేస్తుంది.
సోడా, హైడ్రోస్, తుప్పు, రాగి దగ్గరికి రానివ్వద్దు.
నిలబెట్టే ఉంచాలి. మూత మార్చొద్దు. మిగిలింది తిరిగి పోయొద్దు.
పడితే వెంటనే నీళ్లు.

కింద రెండు బొమ్మలు, పక్కన నీళ్ల గ్లాసు మీద ఎర్ర అడ్డగీత. పుర్రె బదులు ఇది మా బావ కూతురు చెప్పిన ఐడియా.

నూలుకండె, ఎమ్మిగనూరు

గ్లాసు మీద అడ్డగీత బాగుంది. అమ్మకు ఫోన్‌లో చూపించా, ఏమీ చెప్పకుండానే తాగకూడదంట కదా అంది. మంట బొమ్మ చూసి మాత్రం పొయ్యి దగ్గర పెట్టకూడదా అని అడిగింది.

కర్నూలు సేఫ్టీ

పొయ్యి దగ్గర పెట్టకూడదనుకున్నా మంచిదే, నష్టం లేదు.

ట్యాగ్‌కు రెండు మార్పులు. చివరి వాక్యం చాలదు. కనీసం 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడగాలి, కళ్లయితే రెప్పలు తెరిచి పట్టుకుని కడిగి డాక్టర్ దగ్గరికి పోవాలి అని రాయండి. మన వాళ్లు రెండు చెంబులు పోసి మంట తగ్గిందని ఆపేస్తారు. తయారీదారు పేరు, చిరునామా, డీలర్ ఫోన్, క్యాన్ తెరిచిన తేదీ రాయడానికి కూడా ఖాళీ వదలండి. తొట్టి దగ్గరే నీళ్ల కుళాయి ఉండాలి, ట్యాగ్ రాసి కుళాయి అవతలి వీధిలో పెడితే లాభం లేదు.

ఉడకేసే పెద్దన్న, ధర్మవరం

ఇన్ని అక్షరాలు ఎవడు చదువుతాడప్పా? చేతి మీద మచ్చ విషయంలో నా మాట నాదే, ఇన్నేళ్లలో నాకేం కాలేదు. కానీ మగ్గు సంగతి, గోనెపట్ట సంగతి నిజం. మా షెడ్డులో ఒకసారి మూల గోనెసంచులు రాత్రిపూట కాలినాయి, కరెంటు తీగ అనుకున్నాం. పెరాక్సైడ్‌కు ఎర్ర మగ్గు ఒకటి వేరుగా పెట్టిస్తా. డీలరన్నా, ఆ రంధ్రం మూతలు విడిగా దొరుకుతాయా? మా దగ్గర నాలుగైదు క్యాన్లకు మామూలు మూతలే ఉన్నట్టున్నాయి.

కెమికల్ డీలర్, అనంతపురం

దొరుకుతాయి పెద్దన్నా, కంపెనీని అడిగితే పంపుతారు. అయితే క్యాన్ మూతి కొలత సరిపోవాలి, కొలత పంపు. అప్పటిదాకా ఆ క్యాన్లు ముట్టొద్దు. మా మనిషిని రేపు పంపిస్తా, వాడొచ్చి మారుస్తాడు. పట్టుపోగు తమ్ముడూ, ఆ ట్యాగ్ డిజైన్ స్టిక్కర్ షాపు అన్నకు పంపు, నాకు 100 కొట్టించమని చెప్పు. బిల్లు నా పేరు మీద.

స్టిక్కర్ షాపు, అనంతపురం

శాతం దగ్గర ఖాళీ పెట్టి కొట్టమంటారా, 50 అని అచ్చు వేయమంటారా? మాధవరం వాళ్లు 35 కూడా వాడుతున్నారు కదా.

కర్నూలు సేఫ్టీ

ఖాళీ వద్దు. ఖాళీ వదిలితే ఖాళీగానే ఉంటుంది. 50వి, 35వి వేరువేరుగా, వేరే రంగు అంచుతో కొట్టండి.